టార్చి వెలిగితేనే మాట

మా వదిన ఇంటికొచ్చిందో లేదో తెలుసుకోవాలంటే గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు వెతకక్కర్లేదు. లైట్లు చూస్తే చాలు. అవసరమైన చోట తప్ప ఇంకెక్కడా వెలగడం లేదంటే వదిన వచ్చిందన్నమాట. అవసరమైన చోట కూడా వెలగడం లేదంటే వచ్చి కాసేపయిందన్నమాట.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించేవాణ్ణి. రోజంతా దీపం కింద కూర్చుని పనిచేసేవాడికి ఇంటికొచ్చాక చీకట్లో తడుముకోవడం అంటే ఎంత ఒళ్ళుమంటో చెప్పలేను. పైగా మా ఇంటికి వైరింగు చేసిన మహానుభావుడు నడవాలోని బల్బుకీ, వెనక గదిలోని బల్బుకీ కలిపి ఒకే స్విచ్చి పెట్టాడు. ఆ స్విచ్చి హాల్లో ఉంది. నడవాలో ఎవరూ లేరు కదా అని వదిన దాన్ని టక్కున ఆర్పేస్తుంది. వెనక గదిలో నేనుంటే "ఉన్నాను, ఉన్నాను!" అని ఇల్లెగిరిపోయేలా అరుస్తాను. మా నాన్న ఉంటే చేతికర్రతో మంచం కోడు మీద టకటకా కొడతాడు. ఆయన అరవలేడు.

ఒకప్పుడు మా నాన్న కూరగాయల టోకు మార్కెట్లో వేలం పాడేవాడు. మైకు ముట్టుకునేవాడు కాదు. ఈ చివర ఆయన నోరు తెరిస్తే ఆ చివర లారీలోంచి బస్తాలు దింపేవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గడ్డతో పాటు గొంతే తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది.

నాన్నకి ఆపరేషన్ అయ్యాక వదిన పాత ఉద్యోగం మానేసి వేరే కంపెనీలో చేరింది. మాట పోయినవాళ్ళ కోసం చిన్న యంత్రం తయారుచేసే కంపెనీ అది. మెళ్ళో వేలాడదీసుకునే పెట్టె, మీద అక్షరాలు. టైపు చేసి మీట నొక్కితే పెట్టె మాట్లాడుతుంది. ఉద్యోగం ఎందుకు మారావని అడిగితే వదిన, "ఈ ఆఫీసుకి ఒక్క బస్సులో పోవచ్చు, సుఖం" అంది. పాత ఆఫీసుకి ఆవిడ నడిచి వెళ్ళేది. అన్నయ్య ఉద్యోగం తిరుగుళ్ళ ఉద్యోగం, ఇంట్లో ఉండే రోజులు తక్కువ. కాబట్టి ఈ ఇంట్లో పోట్లాటలైనా, అలకలైనా మా ముగ్గురి మధ్యే.

వదిన చేసేది డ్రైవర్లు రాయడం. పక్కింటాయన ఈ సంగతి విని, "మీ వదిన నడిపేది బస్సా, లారీనా?" అని నన్ను అడిగాడు. నాకూ సరిగ్గా తెలియక ఆవిణ్ణే అడిగాను.

"యంత్రంలో ఒక్కో భాగానికి ఒక్కో డ్రైవరు ఉంటుందయ్యా. స్పీకరుకి ఒకటి, టార్చికి ఒకటి, వైఫైకి ఒకటి. పెట్టెని నడిపించే అసలు ప్రోగ్రాముకి ఈ భాగాల భాష రాదు. మధ్యలో డ్రైవరు నిలబడి దీని మాట దానికి, దాని మాట దీనికి చెబుతుంది."

"అంటే దుబాసీ. ఆ ముక్కే అనొచ్చుగా?"

"పేరు నేను పెట్టలేదు, నన్నెందుకు తింటావు" అని వదిన హాల్లో లైటు ఆర్పేసి వెళ్ళింది. నేనింకా హాల్లోనే ఉన్నాను.

గొడవంతా బ్యాటరీతో మొదలైంది. నాన్న పెట్టె పొద్దున్న నిండుగా ఛార్జి చేస్తే మధ్యాహ్నానికల్లా నీరసించిపోయేది. వేలం పాడిన నోరు, ఊరికే ఉంటుందా? పాలవాడితో మొదలుపెట్టి పోస్టుమాను దాకా ఎవర్నీ వదిలేవాడు కాదు. మాట మధ్యలో పెట్టె ఠక్కున ఆగిపోయేది. ఒక సాయంత్రం వదిన ఆఫీసు నుంచి ఉసూరుమంటూ వచ్చేసరికి నాన్న చచ్చిన పెట్టెని ఎత్తి చూపించాడు. అప్పటికే ఆఫీసులో ఇదే విషయం మీద ఆవిడకి అక్షింతలు పడి ఉన్నాయి. విసుగులో నోరుజారింది.

"కాస్త తక్కువ మాట్లాడొచ్చు కదా మావయ్యా. అది కూడా ఎంతని మోస్తుంది?"

నాన్న మొహం చిన్నబోయింది. పెట్టెని గోడ దగ్గర ఛార్జికి పెట్టి, కాస్త కరెంటు ఎక్కాక ఒకే ఒక్క మాట టైపు చేశాడు. "సరే" అంది పెట్టె. దాని గొంతు రేడియోలో వాతావరణం చెప్పేవాడి గొంతులా ఉంటుంది. అందులో కోపముందో లేదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

నోరుజారాక వదిన మనసు మనసులో లేదు. అంత పెద్దాయన్ని, అందులోనూ మాట పోయినవాణ్ణి, తక్కువ మాట్లాడమన్నానే అని కుమిలిపోయింది. ఆ కసితో పెట్టె లోపల కరెంటు ఎక్కడ కారిపోతోందో పట్టుకుని తీరతానని కూర్చుంది. పట్టుకుంది కూడా. ఆ రోజు ఆవిడ సంతోషం చూడాలి. నన్ను వెనక గది గుమ్మంలోకి లాక్కెళ్ళి మరీ చెప్పింది.

"ఈ గదికీ, నడవాకీ ఒకటే స్విచ్చి కదా? పెట్టెలో కూడా అంతే. కొన్ని భాగాలకి కలిపి ఒకే కరెంటు తీగ. అందుకని ఒక పద్ధతి ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు ప్రతి భాగం తరఫునా దాని డ్రైవరు 'నాకు కావాలి' అనాలి. పనయ్యాక 'నాకు చాలు' అనాలి. కావాలన్నవాళ్ళందరూ చాలన్నాకే ఆ తీగలో కరెంటు ఆగుతుంది. వైఫై డ్రైవరు 'కావాలి' అంటోంది కానీ 'చాలు' అనడమే లేదు. రోజంతా దీపం వేసుక్కూర్చుంది, దొంగమొహంది. 'చాలు' అనడం నేర్పించాను."

దాంతో పెట్టెలు రాత్రి దాకా నిలిచాయి. ఆఫీసులో వదినని అందరూ ఆకాశానికెత్తేశారట. ముందుగా కొందరి పెట్టెల్లో మాత్రం ఈ కొత్త మార్పు పెట్టి చూశారు. అందులో నాన్నది ఒకటి. అంతా సవ్యంగా ఉంటే శుక్రవారం సాయంత్రం అందరి పెట్టెలకీ పంపించెయ్యాలని నిర్ణయించారు.

ఇక్కణ్ణుంచి మాకెవరికీ ఏమీ అర్థం కాలేదు.

కొత్త మార్పు అందుకున్నవాళ్ళలో ఇద్దరి ఇళ్ళ నుంచి ఫిర్యాదు వచ్చింది. పెట్టె ఒక్కోసారి మాట్లాడుతోంది, ఒక్కోసారి ఉలుకూ పలుకూ లేదు అని. వాళ్ళ పెట్టెలు తెప్పించి వదిన తన బల్ల మీద పెట్టి చూసింది. గలగలా మాట్లాడాయి. తిప్పి పంపింది. మళ్ళీ మూగబోయాయన్నారు. మళ్ళీ తెప్పించింది. మళ్ళీ గలగలా. స్పీకరు డ్రైవరంతా అక్షరం అక్షరం చదివింది, తప్పు దొరకలేదు. "నేనంటే భయపడి మాట్లాడుతున్నాయా ఏమిటి?" అంది ఒకరోజు, నవ్వకుండా. శుక్రవారం దగ్గరపడే కొద్దీ కాలుగాలిన పిల్లిలా తిరిగేది. డాక్టరుకి నొప్పి ఎక్కడో చెప్పుకోవాల్సినవాళ్ళు, ఫోను చేసి సాయం అడగాల్సినవాళ్ళు, అందరికీ ఈ పెట్టే నోరు. శుక్రవారం దాటితే ఎంతమంది నోరు మూతపడుతుందో ఆవిడకి తెలుసు. ఎందుకు మూతపడుతోందో మాత్రం తెలియదు.

ఇంట్లో ఇంకో అయోమయం. నాన్న వదినతో మాట్లాడటం మానేశాడు. ఆవిడ వస్తే తలెత్తి చూస్తాడు, పెట్టె మీద చెయ్యి వేసుకుని ఊరుకుంటాడు. ఏదైనా అడిగితే తలాడిస్తాడు. "సరే" అన్నదే చివరి మాట.

"మావయ్య పెట్టె బాగానే పనిచేస్తోందా?" అని వదిన నన్ను అడిగింది.

"నిక్షేపంలా" అన్నాను పుల్లవిరుపుగా.

"మాట్లాడుతున్నారా?"

"పగలంతా మాట్లాడుతూనే ఉన్నాడు."

వదిన మొహం వాడిపోయింది. నాకు జాలి వెయ్యలేదు. ఎందుకంటే అప్పటికి నాకు ఆవిడ మీద పీకల దాకా కోపం ఉంది. ఆ కోపం ఎందుకో చెప్పాలి.

కొత్త మార్పు వచ్చిన మొదట్లో నాన్న పెట్టె బొత్తిగా మూగబోయింది. ఎంత నొక్కినా పలకలేదు. అంతలో చెప్పు మంచం కిందికి పోతే వెతకడానికి నాన్న పెట్టెకున్న టార్చి వేశాడు. వేసి, అలవాటుగా ఏదో టైపు చేశాడు. పెట్టె పలికింది! టార్చి ఆర్పితే మూగ, వేస్తే మాట. నన్ను పిలిచి చేసి చూపించాడు. తర్వాత టార్చి వేసుకునే టైపు చేశాడు: "మీ వదిన కొత్త పద్ధతి పెట్టింది. దీపం వేస్తేనే మాట. తక్కువ మాట్లాడమంది కదా."

నేను నమ్మాను. నమ్మనా మరి? మనిషి గదిలో ఉండగానే లైటు ఆర్పే మనిషి, మాటకి కూడా ఒక తాళం పెట్టిందంటే నమ్మకుండా ఎలా ఉంటాను? నాన్న మాత్రం ఆవిణ్ణి ఒక్కమాట అననివ్వలేదు. "దానికి తెలిసే చేసి ఉంటుంది. పొదుపు మంచిదే" అన్నాడు, టార్చి వేసి. పగలంతా టార్చి వేసుకుని ఊరందరితో మాట్లాడేవాడు. వదిన ముందు మాత్రం వెయ్యడు. ఆవిడ చెప్పిన మాట దాటినట్టవుతుందని పట్టుదల. ఆ పట్టుదలలో కోపమెంతో, గౌరవమెంతో నాకు ఇప్పటికీ తేలలేదు.

శుక్రవారం రానే వచ్చింది. ఆ రోజు మా దుకాణానికి సెలవు. మిట్టమధ్యాహ్నం ఎండ బాల్కనీలో నిప్పులు చెరుగుతోంది. నాన్న ఊచలకి ఆనుకుని, మెళ్ళో పెట్టెకి టార్చి వెలిగించుకుని, కింద తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఆవిడతో బేరానికి దిగాడు.

"ఇవి నిన్నటి సరుకు. వేలంలో పెడితే ఎవరూ పాట ఎత్తరు" అంది పెట్టె, రేపు చిరుజల్లులు పడతాయన్నంత నెమ్మదిగా.

"పట్టపగలు టార్చి వేసి మరీ చూస్తున్నావు కదా బాబాయ్, ఇంకా అనుమానమేమిటి!" అని కిందనుంచి ఆవిడ అరిచింది.

నేను పగలబడి నవ్వుతుంటే వెనక తలుపు తెరుచుకుంది. వదిన. బుర్ర పనిచెయ్యడం మానేసిందని సగం రోజు సెలవు పెట్టి వచ్చేసిందట. గుమ్మంలోనే నిలబడి బాల్కనీ వైపు చూస్తోంది. నాన్న వెనక్కి తిరిగాడు. ఆవిణ్ణి చూడగానే బొటనవేలితో టార్చి ఆర్పేసి, పెద్దవాళ్ళని చూసి సిగరెట్టు దాచుకున్న కుర్రాడిలా పెట్టెని తువ్వాలు కింద దాచేశాడు. బేరం గాల్లో ఆగిపోయింది.

"నేనొచ్చేసరికి మాట పడిపోయిందా మావయ్యా?" అంది వదిన. "ఊళ్ళో అందరితోనూ మాట్లాడతారు. తోపుడుబండావిడతో కూడా మాట్లాడతారు. నాతోనే కదా మౌనవ్రతం! ఏదో విసుగులో ఒక్క మాట అన్నాను. దానికి ఇంత శిక్షా?"

నాన్న తల దించుకున్నాడు. నాకు మండిపోయింది.

"చేసిందంతా నువ్వు చేసి ఆయన్నంటావేంటి వదినా?"

"నేనేం చేశాను?"

"ఏం చేశావా? మాట్లాడాలంటే టార్చి వెయ్యాలని పెట్టింది నువ్వు కాదూ? నీ ముందు దీపం వేస్తే దండగంటావని పాపం ఆయన నోరు కుట్టేసుకుని కూర్చున్నాడు!"

వదిన నోరు వెళ్ళబెట్టింది. "టార్చా?"

"టార్చే."

"టార్చి వేస్తేనే మాటా?"

"ఏమీ తెలియనట్టు అడుగుతావేంటి?"

ఆవిడ గబగబా వచ్చి తువ్వాలు తీసి పెట్టె అందుకుంది. ఏదో టైపు చేసింది. ఉలుకూ పలుకూ లేదు. టార్చి వేసి మళ్ళీ నొక్కింది. పెట్టె పలికింది. ఆర్పింది, మూగ. వేసింది, మాట. అలా ఎన్నిసార్లు చేసిందో. తర్వాత బాల్కనీ గచ్చు మీద కూర్చుండిపోయింది. నాన్న బిత్తరపోయి నన్ను చూశాడు, నేను నాన్నని చూశాను.

"టార్చి కావాలంది, కరెంటు వచ్చింది" అని తనలో తను గొణుక్కుంటోంది. "స్పీకరు... స్పీకరు అడగదా? అసలు అడగనే అడగదా?"

సంచిలోంచి కంప్యూటరు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి తలెత్తింది. అది ఏడుపు మొహమో, నవ్వు మొహమో చెప్పడం కష్టం.

"అడగడం లేదు. ఎన్నిసార్లు చదివానో ఈ డ్రైవరు. రాసినదాంట్లో తప్పు వెతికాను. రాయనిది ఎలా కనపడుతుంది? టార్చి, వైఫై, స్పీకరు, మూడింటికీ ఒకటే తీగ. వైఫై ఎలాగూ దీపం ఆర్పేది కాదు. ఆ వెలుతుర్లోనే స్పీకరు ఇన్నాళ్ళూ బతికేసింది. నాకు కావాలని ఒక్కసారి కూడా అననక్కర్లేకపోయింది. నేను వెళ్ళి వైఫైకి బుద్ధి చెప్పాను, దీపం ఆరింది. లోపల ఇంకొకళ్ళున్నారని ఎవరికి తెలుసు?"

నాకు సగమే అర్థమైంది. "మరి ఆఫీసులో మాట్లాడుతున్నాయన్నావు?"

వదిన కంప్యూటరు మూసేసింది. "ఆఫీసులో... లోపల ఏం జరుగుతోందో చూడటానికి పెట్టెకి ఒక తీగ తగిలిస్తాం. అది తగిలించి ఉన్నంతసేపు లోపల ఏ కరెంటూ ఆగదు. నేను చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. చూడటం మానేస్తే మూగ." ఆ మాట అంటూనే ఫోను తీసింది.

అవతల వాళ్ళ మేనేజరు. నిదానం మనిషి, ఆయన మాటలు బాల్కనీ అంతా వినపడుతున్నాయి.

"నా బల్ల మీద శుభ్రంగా మాట్లాడుతోందమ్మా. సాయంత్రం పంపేస్తున్నాం, నువ్వు పడుకో."

"తీగ పీకి చూడండి సార్."

"పీకితే లోపల ఏం జరుగుతోందో తెలియదు కదా?"

"తెలియదు. పీకండి. పీకి, కాస్త ఆగి, మాట్లాడించండి."

మేము ముగ్గురం విన్నాం. అవతల పెట్టె పలకలేదు. మేనేజరూ పలకలేదు. చాలాసేపటికి, "ఆపించేస్తున్నాను" అని ఫోను పెట్టేశాడు.

వదిన ఫోను ఒళ్ళో పడేసుకుని నాన్న వైపు తిరిగింది. "మావయ్యా, ఆ టార్చి తాళం నేను పెట్టలేదు. నిజంగా పెట్టలేదు. మీరు రోజంతా మాట్లాడుకోవాలనే ఇదంతా చేశాను."

నాన్న పెట్టె తీసుకున్నాడు. ఆవిడ ఎదురుగా, ఇన్నాళ్ళకి మొదటిసారి, టార్చి వేశాడు. ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశాడు.

"పొదుపుకి పెట్టావనుకున్నాను" అంది పెట్టె. మళ్ళీ వేళ్ళు కదిలాయి. "కొత్త పద్ధతి వచ్చిన మొదటి రోజు నాకూ టార్చి సంగతి తెలియదు. నువ్వు గుమ్మంలోకి రాగానే అడిగాను, తిన్నావా అమ్మా అని. నువ్వు చెప్పులు విప్పుకుని లోపలికి వెళ్ళిపోయావు."

పెట్టెకి ఏడవడం రాదు కాబట్టి ఆ మాట కూడా వాతావరణంలాగే వినపడింది. వదిన మాత్రం తట్టుకోలేకపోయింది. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "వినపడలేదు మావయ్యా, నాకు వినపడలేదు" అని అదే మాట. నాన్న ఆవిడ తల మీద చెయ్యి వేశాడు. కింద తోపుడుబండావిడ, "బాబాయ్, తీసుకుంటావా, పొమ్మంటావా?" అని అరుస్తోంది. నేనే దిగి, ఆ నిన్నటి సరుకు బేరం ఆడకుండా కొనుక్కొచ్చాను.

తర్వాత వదిన రాసింది చాలా చిన్న ముక్కట. మాట్లాడే ముందు స్పీకరు తరఫున 'కావాలి', మాట్లాడాక 'చాలు'. ఇంతకి ఇన్ని రోజులు తల బద్దలు కొట్టుకున్నావా అంటే, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికేవాళ్ళు మీ దుకాణానికి రారా అంది. వస్తారు, రోజూ వస్తారు. ఆ ముక్క పెట్టెలోకి వచ్చాక కూడా నాన్న బొటనవేలు కొన్నాళ్ళు అలవాటుగా టార్చి మీదికే పోయేది. వదిన ఎదురుగా ఉంటే ఆయన నవ్వి వేలు వెనక్కి తీసుకునేవాడు.

ఒక సాయంత్రం నేను హాల్లో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాను. వదిన ఆఫీసు నుంచి వచ్చింది. సంచి కుర్చీలో పడేసింది, నడవా వైపు చూసింది. ఎవరూ లేరు. అలవాటు ప్రకారం చెయ్యి స్విచ్చి మీదికి పోయింది. అక్కడే ఆగింది.

"ఎవరైనా ఉన్నారా?" అని కేకేసింది.

ఈ ఇంట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి ఆవిడ ఆ ప్రశ్న అడగడం నేను వినలేదు. నాన్న ఉన్నాడని చెప్పబోయి ఎందుకో ఊరుకున్నాను. వెనక గదిలో కర్ర చప్పుడు రాలేదు. అక్షరాల మీద వేళ్ళు టకటకలాడాయి. తర్వాత ఆ వాతావరణం గొంతు గట్టిగా వినపడింది.

"ఉన్నానమ్మా. నాకు కావాలి."

కాస్త ఆగి, "తిన్నావా?" అంది.

"లేదు మావయ్యా" అంటూ వదిన వెనక గదిలోకి వెళ్ళింది. నడవాలో ఎవరూ లేరు. బల్బు అలాగే వెలుగుతోంది.